మోసికొనిపోదగిన సౌర విద్యుత్ పెట్టె: పంచాయతీలు స్వయముగా నిర్మించుకొను విధము

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళము జిల్లా పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానము ప్రాంతమున కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. వానితోపాటు విద్యుత్ స్తంభములును వేల సంఖ్యలో కూలినవి. అంతకు నాలుగు సంవత్సరములు ముందు, 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినపుడును ప్రజలకు ఇట్టి అనుభవమే కలిగినది. గాలివాన కొన్ని గంటలలో వెళ్లిపోవును. కూలిన స్తంభములు నిలిపి, తెగిన తీగలు కట్టి, మారుమూల గ్రామమునకు కరెంటు మరల తెచ్చుటకు మాత్రము అనేక దినములు పట్టును.

ఆ దినములలో గ్రామమునకు అన్నింటికన్న ముందు కొరవడునది వెలుతురు కాదు, వార్త. రెండవ రోజునకు ఇంటింట సెల్‌ఫోనులు మూగవోవును. నొప్పులు పడుచున్న స్త్రీకొరకు 108 వాహనమును పిలువవలెనన్నను, మండల కేంద్రమునకు మంచినీటి సంగతి తెలుపవలెనన్నను సాధనముండదు. టవరు పనిచేయుచున్నను చేతిలోని ఫోనునకు ప్రాణముండవలెను గదా! పెట్రోలు జనరేటరు ఉన్న గ్రామములు కొన్ని కలవు. అయితే చెట్లు పడి దారులు మూతపడినపుడు పెట్రోలు రాదు. కరెంటు లేనిచో బంకులోని పంపును తిరుగదు.

ఇట్టి సమయమునకు పంచాయతీ కార్యాలయమున ఒక చిన్న సౌర విద్యుత్ పెట్టె యుండుట మేలు. దీనిని గ్రామమునందలి ఐ.టి.ఐ. చదివిన యువకులు, అనుభవముగల ఒక వైర్‌మన్ సహాయముతో రెండు మూడు దినములలో కూర్చగలరు. దీనిని మొదటిసారి నిర్మించువారు చేయు పొరపాట్లలో పెక్కు సామాను కొనుటకు ముందే జరుగుచున్నవి. కావున ఆ విషయమునే ఇచట కొంత విపులముగా చెప్పుచున్నాము.

బజారులో దీనిని సోలార్ జనరేటరు అని పిలుచుచున్నారు. నిజమునకు ఇందులో తిరుగు యంత్రమేదియు లేదు. సూర్యరశ్మిని విద్యుత్తుగా మార్చు ఫలకము, దానిని నిలువ చేయు బ్యాటరీ, ఆ రెండింటి నడుమ కాపలావానివలె ఉండు చార్జి కంట్రోలరు, బ్యాటరీలోని 12 వోల్టుల విద్యుత్తును ఇంటి పరికరములకు తగిన 230 వోల్టులుగా మార్చు ఇన్వర్టరు, ఇవియే దీని అంగములు. సిలికానుతో చేసిన సౌర ఘటమును 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు లోకమునకు చూపిరి. తన మీద పడిన వెలుగులో అది నూటికి 6 వంతులు మాత్రమే విద్యుత్తుగా మార్చెడిది. నేడు అంగడిలో దొరకు మంచి ఫలకములు 20 వంతులకు మించి మార్చుచున్నవి. నాలుగేండ్ల తరువాత, 1958లో, వాన్‌గార్డ్ అను చిన్న ఉపగ్రహమున రేడియోను నడిపిన ఆ ఘటముల సంతతియే నేడు పొలము గట్ల మీద కనిపించుచున్నది.

ఇక లెక్కకు వత్తము. ఈ లెక్క చేయక కొన్న సామాను చాలకపోవుటయో, వ్యర్థముగా మిగులుటయో తప్పదు. పరికరము ఎన్ని వాట్లు కోరునో, ఎన్ని గంటలు నడువవలెనో హెచ్చించినచో వచ్చునది వాట్-గంటలు. ధాన్యమునకు బస్తా యెట్టిదో విద్యుత్తునకు వాట్-గంట అట్టిది. తుఫాను రాత్రి పంచాయతీ కార్యాలయమునకు, లేదా జనులు తలదాచుకొను బడికి ఏమి కావలెను? 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు 4, ఒక్కొక్కటి 5 గంటలు వెలిగినచో 180 వాట్-గంటలు. స్మార్ట్ ఫోను ఒకటి పూర్తిగా నిండుటకు సుమారు 20 వాట్-గంటలు పట్టును. మీటల ఫోనునకు 5 చాలును. రెండు రకములును కలిసి వచ్చును గనుక సగటున 15 చొప్పున 20 ఫోనులకు 300. రోగులు, బాలింతలు ఉన్న గదిలో తక్కువ కరెంటు తినెడి బి.ఎల్.డి.సి. రకపు పంకా 30 వాట్లది 6 గంటలు తిరిగినచో 180. హెచ్చరికలు చెప్పుటకు చిన్న మైకు సెట్టు 30 వాట్లది ఒక గంట. వెరసి దినమునకు 690 వాట్-గంటలు. తీగలలోను, ఇన్వర్టరులోను పోవు నష్టమునకు అయిదవ వంతు కలుపగా 828. చేతిలెక్కకు 830 అనుకొందము.

ఈ పట్టికను గ్రామసభ యెదుట చదివినపుడు ఎవరో ఒకరు తప్పక అడుగు ప్రశ్న కలదు: మంచినీటి మోటారు దీనితో నడుచునా? నడువదు. 1 అశ్వశక్తి మోటారు 746 వాట్ల పని చేయుటకు అంతకన్న ఎక్కువ విద్యుత్తు కోరును. మొదలు పెట్టు క్షణమున దానికి పలు రెట్లు లాగును. ఇస్త్రీపెట్టె, అన్నము వండు కుక్కరు, నీళ్లు కాచు రాడ్డు సంగతియు అంతియే. ఆరోగ్య కేంద్రమున టీకా మందులుంచు శీతల పెట్టెను కూడ దీనికి తగిలింపరాదు. దానికి ప్రత్యేకముగా రూపొందించిన సౌర పరికరములు వేరుగా కలవు. ఈ పెట్టె ఏ పనికి, ఏ పనికి కాదు అను మాటను పంచాయతీ ముందుగనే తీర్మానములో వ్రాసికొనుట మంచిది. కష్టకాలమున వాదములకు తీరికయుండదు.

లెక్క తేలిన తరువాత బ్యాటరీ. ఇండ్లలోని ఇన్వర్టర్లకు వాడు సీసపు బ్యాటరీ అందరు ఎరిగినదే. కాని దాని శక్తిని సగమునకు మించి తరచుగా వాడుకొన్నచో ఆయుర్దాయము తగ్గును. 830 వాట్-గంటలు కావలెనన్నచో 1,660 నిలువయుండవలెను. అనగా 12 వోల్టుల బ్యాటరీ సుమారు 140 నుండి 150 ఆంపియర్-గంటలది. అట్టి దాని బరువు 50 కిలోలకు మించును. పైగా చార్జి అగునపుడు హైడ్రోజను వాయువు వెలువడును గనుక మూసిన పెట్టెలో ఉంచరాదు. ఇక ఇది మోసికొనిపోదగినది ఎట్లగును? లిథియమ్ ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ 12.8 వోల్టులు, 100 ఆంపియర్-గంటలది 1,280 వాట్-గంటలు పట్టును. అందులో నూటికి 80 వంతులు నిశ్చింతగా వాడుకొనవచ్చును, అది 1,024. బరువు సుమారు 10 నుండి 13 కిలోలు. ఖరీదు మొదట ఎక్కువైనను దీర్ఘకాలము మన్నును. లిథియమ్ జాతి బ్యాటరీలలో ఈ రకము వేడిమిని కొంత మెరుగుగా తాళును. కొనునపుడు లోపల బి.ఎమ్.ఎస్. అను రక్షణ సర్క్యూటు ఉన్నదో లేదో చూచుకొనవలెను. పాత వాహనములనుండి విప్పిన, ఊరుపేరు తెలియని సెల్లులను చవుకగా తెచ్చి కట్టు ప్రయత్నము పంచాయతీ ఆస్తి విషయమున పనికిరాదు. మొదటిసారి నిర్మించువారికి అది అసలే తగదు.

ఫలకముల లెక్క ఎండను బట్టి యుండును. ఉదయమునుండి సాయంకాలము వరకు కాయు ఎండనంతయు మధ్యాహ్నపు నిండు ఎండగా కుదించి చూచినచో మన ప్రాంతమున దినమునకు సగటున సుమారు 5 గంటలు వచ్చును. వేడిమి, దుమ్ము, తీగల నష్టము మొదలైన వానికి నాలుగవ వంతు తీసివేయవలెను. 125 వాట్ల ఫలకములు రెండు, అనగా 250 వాట్లు, 5 గంటలు, అందులో ముప్పాతిక: దినమునకు సుమారు 937 వాట్-గంటలు. మనకు కావలసిన 830కి ఇది సరిపోవును. భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 14286 ముద్ర చూచి కొనవలెను.

అయితే మబ్బు మూసిన దినమున ఈ రాబడి అయిదవ వంతునకు పడిపోవుటయు కద్దు. తుఫాను మరునాడు ఆకాశము తేటగా ఉండునని నమ్మరాదు. కావున ఒక చిన్న ఉపాయము: లిథియమ్ బ్యాటరీకి తగిన 10 ఆంపియర్ల మెయిన్సు చార్జరును కూడ కొని ఉంచుకొనవలెను. వాతావరణ శాఖ హెచ్చరిక వినిపించిన దినముననే, కరెంటు ఉండగనే, బ్యాటరీని నింపివేయవలెను. పూర్తిగా ఖాళీయైన బ్యాటరీ నిండుటకు సుమారు 10 గంటలు పట్టును. మొదటి రాత్రిని ఈ నిలువ గడుపును. సూర్యుడు కనిపించిన నాటినుండి ఫలకములు ఆదుకొనును.

రెండు ఫలకములను వరుసగా కలుపవచ్చును, జంటగానైనను కలుపవచ్చును. వరుసగా కలిపినచో వోల్టులు కూడును, ఆంపియర్లు కూడవు. ఈ రకపు ఫలకము ఎండలో సుమారు 18 వోల్టుల వద్ద పనిచేయును. ఏ బరువును లేనపుడు 22 వోల్టుల వరకు చూపును. రెండింటిని వరుసగా కలిపి, 10 మీటర్ల దూరమునకు 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో నష్టము నూటికి 2 వంతులు. అదే తీగతో జంటగా కలిపినచో నష్టము 8 వంతులు. కావున వరుస కలయిక మేలు. కాని దానికి ఎమ్.పి.పి.టి. అను రకపు కంట్రోలరు కావలెను. రెండు ఫలకముల 44 వోల్టులకును, చలి ఉదయమున మరికొంత పెరుగుదలకును తట్టుకొనునట్లు 75 వోల్టులు లేక అంతకు మించినది, 30 ఆంపియర్లది తీసికొనవలెను. కంట్రోలరులో బ్యాటరీ రకమును సరిగా అమర్చుట మరువరాదు. సీసపు బ్యాటరీల అమరికలలో కొన్ని లిథియమునకు హాని చేయును.

తీగల విషయమున ఈ వ్యాసకర్త కన్నులార చూచిన సంగతి యొకటి. ఒక గ్రామమున యువకులు సామానంతయు చక్కగా కొని కూర్చిరి. బ్యాటరీ నిండుగానున్నది. దీపములు వెలిగినవి. సుమారు 240 వాట్ల బరువు పెట్టగానే ఇన్వర్టరు కీచుమని అరచి ఆగిపోయినది. బ్యాటరీ పాడైనదని కొందరు, అంగడివాడు మోసగించెనని కొందరు. చివరకు మీటరు పెట్టి చూడగా బ్యాటరీ వద్ద 13 వోల్టులు, ఇన్వర్టరు వద్ద 11 మాత్రమే! బ్యాటరీని గదిలో ఉంచి, ఇన్వర్టరును మూడు మీటర్ల దూరమున వసారాలో పెట్టి, రెండింటిని ఇంటి దీపములకు వాడు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగతో కలిపి, కొసలను చేతితో మెలివేసి టేపు చుట్టిరి. ఆ మెలికను తాకినచో చేయి కాలినది. రెండు వోల్టులు, 20 ఆంపియర్లు: 40 వాట్లు ఆ తీగలోనే వేడియై పోవుచున్నవి. ఎండుగడ్డి దగ్గరనున్నచో ఏమగునో చెప్పనక్కరలేదు.

దీని కారణము గ్రహించినచో ఇట్టి తప్పు జరుగదు. 300 వాట్లు 230 వోల్టులలో ప్రవహించునపుడు 1.3 ఆంపియర్లు చాలును. అదే శక్తిని 12 వోల్టుల బ్యాటరీనుండి లాగవలెనన్నచో, ఇన్వర్టరు నష్టమును కూడ కలిపి, సుమారు 26 ఆంపియర్లు కావలెను. ఎత్తునుండి పడు సన్నని ధార చేయు పనిని పల్లపు కాలువ చేయవలెనన్నచో కాలువ వెడల్పుగా నుండవలెను గదా. 300 వాట్ల ఇన్వర్టరునకు 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఒక మీటరునకు మించని పొడవున, ప్రెస్సుతో నొక్కిన లగ్గులతో బిగింపవలెను. ఇన్వర్టరు ప్యూర్ సైన్ వేవ్ రకముదైనచో పంకా, మైకు గోల లేక పనిచేయును.

బ్యాటరీ ధన ధ్రువమునకు కొద్ది అంగుళముల దూరములోనే 40 ఆంపియర్ల డి.సి. ఫ్యూజు ఉండితీరవలెను. ఫ్యూజు పరికరమును కాపాడుటకని పలువురు తలంచుచున్నారు. అది కాపాడునది తీగను. పరికరము కోరు ఆంపియర్లకన్న ఎక్కువగాను, తీగ భరించగల ఆంపియర్లకన్న తక్కువగాను దానిని ఎన్నుకొనవలెను. ఇంటి బోర్డులోని ఎమ్.సి.బి.ని దీనికి వాడరాదు. మన ఇండ్లలోని విద్యుత్తు క్షణమునకు నూరు మారులు సున్నకు వచ్చి పోవును గనుక స్విచ్చులోని నిప్పురవ్వ తనంత తానే ఆరును. బ్యాటరీ విద్యుత్తు అట్లు ఎన్నడును ఆగదు. రవ్వ మంటగా నిలిచిపోవును. డి.సి. అని ముద్రించిన ఫ్యూజు, డి.సి. స్విచ్చు మాత్రమే కొనవలెను. పని చేయువారు ఉంగరములు, గడియారము, చేతి కడియము తీసివేసి, స్పానరు పిడికి టేపు చుట్టుకొనవలెను. స్పానరు రెండు ధ్రువముల మీద అడ్డముగా పడినచో వందల ఆంపియర్లు ప్రవహించి అది ఎర్రగా కాలును.

కలుపు క్రమమును గోడమీద వ్రాసి పెట్టవలెను. మొదట బ్యాటరీని కంట్రోలరునకు, తరువాత ఫలకములను. విప్పునపుడు మొదట ఫలకములు, తరువాత బ్యాటరీ. ఇది తలక్రిందులైనచో కంట్రోలరు చెడిపోవచ్చును. ఫలకములు ఎండలో ఉన్నంతసేపు వాని తీగలలో విద్యుత్తు ఉండును గనుక తగిలించు ముందు ముదురు దుప్పటి కప్పవలెను. పెట్టె విషయమున చెప్పవలసినది కొంచెమే. పిడులుగల గట్టి ప్లాస్టిక్ పెట్టె గాని ప్లైవుడ్ పెట్టె గాని చాలును. ఇన్వర్టరునకు గాలి ఆడునట్లు రెండు ప్రక్కల రంధ్రములు, వానికి ఎలుకలు దూరని జాలి. పెట్టె ఎప్పుడును నీడలోనే ఉండవలెను. ఎండలోనికి పోవలసినవి ఫలకములు మాత్రమే.

దీపములను, ఫోనులను వీలైనంతవరకు 12 వోల్టుల నుండియే నడుపవలెను. ఇన్వర్టరు ఏ పనియు లేకున్నను తనకొరకు కొంత తినును. 10 వాట్లు తినునదైనచో 24 గంటలలో 240 వాట్-గంటలు వృథాయగును. అది మన దీపములన్నింటి రాత్రి ఖర్చుకన్న ఎక్కువ.

ఫలకములను దక్షిణముఖముగా, 13 నుండి 19 డిగ్రీల వాలున నిలుపవలెను. కొబ్బరి మట్ట నీడ ఒకటి మీద పడినను రాబడి మిక్కిలి తగ్గును. ఒక ఫలకములోని ఘటములన్నియు గొలుసువలె వరుసగా కలుపబడియుండుటయే ఇందుకు కారణము. గాలికి ఎగిరిపోకుండ మోకుతో కట్టవలెను. తుఫాను గాలి వీచునంతసేపు వానిని లోపలనే భద్రపరచవలెను.

ఇపుడు అన్నింటికన్న ముఖ్యమైన నిషేధము. కార్యాలయమంతట దీపములు వెలుగునని ఈ పెట్టెను గాని, పెట్రోలు జనరేటరును గాని, రెండు కొసల ప్లగ్గు తీగతో గోడ సాకెట్టునకు తగిలించు అలవాటు కొన్నిచోట్ల కలదు. అట్లు చేసినచో విద్యుత్తు మీటరు దాటి వీధి తీగలోనికి పోవును. వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు మామూలుగా 11,000 వోల్టులను తగ్గించి మనకు ఇచ్చును. ఎదురు దిశనుండి వచ్చిన 230 వోల్టులను అదే ట్రాన్స్‌ఫార్మరు పెంచి పై తీగలోనికి పంపగలదు. ఆ సమయమున, కరెంటు లేదను నమ్మకముతో స్తంభమెక్కియున్నవాడు మన గ్రామమునకు వెలుగు తెచ్చుటకు వచ్చిన లైన్‌మనే. పరికరములను నేరుగా పెట్టెకే తగిలింపవలెను. గోడకు ఎన్నడును కాదు. 230 వోల్టుల భాగమును లైసెన్సుగల వైర్‌మన్ చేతనే చేయింపవలెను. గ్రామమున అట్టివారు దొరకనిచో సిద్ధముగా అమ్ముచున్న పెట్టెనే కొనుట మంచిదని మా అభిప్రాయము. స్వయముగా నిర్మించుటలోని లాభము డబ్బు మిగులుట కాదు. ఏ భాగము చెడినను దానిని మాత్రమే మార్చుకొనగల నేర్పు గ్రామమున నిలుచుట.

పనిముగిసిన తరువాత అన్ని భాగములను, వాని వారంటీ కాగితములను స్టాకు రిజిస్టరులో చేర్చి, తాళపుచెవి ఒకటి కార్యదర్శి వద్ద, ఒకటి కార్యాలయమునకు దగ్గరగా నివసించు సభ్యుని వద్ద ఉంచవలెను. కాలము తీరిన బ్యాటరీని పాత ఇనుము కొనువానికి అమ్మరాదు. 2022 బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము దానిని తిరిగి సేకరించు బాధ్యత ఉత్పత్తిదారులది. కొనిన అంగడి ద్వారానే అప్పగించవలెను. వాడుక లేని నెలలలో లిథియమ్ బ్యాటరీని సుమారు సగము నింపి, చల్లని చోట ఉంచవలెను. తుఫానుల కాలమైన అక్టోబరు, నవంబరు నెలలకు ముందు పూర్తిగా నింపవలెను. ప్రతి నెల పంచాయతీ సమావేశము జరుగు దినమున పెట్టె తెరచి, ఒక దీపమును, ఒక పంకాను అరగంట నడిపి, మొదటి వోల్టులు, చివరి వోల్టులు రిజిస్టరులో వ్రాసి, హాజరైన సభ్యులలో ఒకరు సంతకము చేయవలెను.